నీలి ముద్ర చూశాకే మూత



రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లే దారి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రెండేళ్ల కిందట ఒక చలికాలం ఉదయం ఆ దారిన మా పాత బండిలో వెళ్తున్నాం. వేగం 60 కిలోమీటర్లకు రాగానే వెనక సీటు కిందినుంచి సన్నగా ఒక మోత మొదలైంది. తుమ్మెద రొదలా ఉంది. పక్కన కూర్చున్న మా అబ్బాయి "నాన్నా, ఎవరో హార్మోనియం మీట నొక్కి వదలట్లేదు" అన్నాడు.

వాడు అన్నది అక్షరాలా నిజం. లెక్క చెబుతాను, వినండి. మా బండి చక్రం ఒక్క చుట్టు తిరిగితే సుమారు రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు ముందుకు పోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఏడున్నర చుట్లు తిరుగుతుంది. వెనక ఇరుసు మధ్యలో ఉన్న పెద్ద పళ్లచక్రానికి 41 పళ్లు. అంటే సెకనుకు 310 పళ్లు, ఒకదాని తరవాత ఒకటి, చిన్న గేరు పళ్లతో కలిసి విడిపోతున్నాయి. సెకనుకు 310 తాకిళ్లంటే అది చప్పుడు కాదు, స్వరం. హార్మోనియం మీద వెతికితే దొరుకుతుంది. వేగం 30కి తగ్గిస్తే అదే స్వరం కింది స్థాయిలో వినిపిస్తుంది. పళ్లు బాగున్నంతకాలం ఈ స్వరం మన చెవిదాకా రాదు. అరిగాక వస్తుంది.

ఈ మోత ఎక్కడిదో చెవితోనే చాలావరకు తేల్చుకోవచ్చు. అదే వేగంలో నాలుగో గేరు నుంచి మూడో గేరుకు మార్చాను. ఇంజను గొంతు పెరిగింది, మోత మాత్రం అదే శ్రుతిలో ఉంది. కాబట్టి అది ఇంజనుది కాదు. తారు రోడ్డు పోయి సిమెంటు రోడ్డు వచ్చింది, మోత మారలేదు. టైరుదైతే మారేది. బండిని కాస్త ఎడమకూ కుడికీ ఊపి చూశాను, అప్పుడూ మారలేదు. చక్రం బేరింగైతే బరువు పడిన వైపు గుర్రుమంటుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే మాత్రం స్వరం మారింది. ఎక్కేటప్పుడు ఒక గొంతు, దిగేటప్పుడు ఇంకో గొంతు. బండిని ముందుకు లాగేటప్పుడు పళ్లకు ఒక పక్క ఒరుసుకుంటుంది, ఇంజను బండిని ఆపేటప్పుడు రెండో పక్క. రెండు గొంతులు వినిపించాయంటే అరిగింది పళ్లు మాత్రమే కాదు, వాటిని పట్టి ఉంచే బేరింగు కూడా వదులై ఉండవచ్చని అనుమానించాలి.

అసలు ఆ ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే గుండులో ఏముంటుంది? దాన్ని డిఫరెన్షియల్ అంటారు. మన ఎడ్లబండికి దీని అవసరం లేదు. ఎడ్లబండి ఇరుసు తిరగదు, దానికి తొడిగిన చక్రాలు తిరుగుతాయి, దేని తిరుగుడు దానిదే. మోటారు బండిలో ఇరుసే చక్రాలను తిప్పాలి. చిక్కు అక్కడ వచ్చింది. గుడి చుట్టూ ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నారనుకోండి. బయటివైపు మనిషి ఎక్కువ నడవాలి. చక్రాలదీ అంతే. రెండు చక్రాల మధ్య దూరం మీటరూ నలభై సెంటీమీటర్లైతే, బండి ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం 8.8 మీటర్లు ఎక్కువ పోవాలి. చిన్న చుట్టు తిరిగినా, ఊరంత చుట్టు తిరిగినా ఆ తేడా 8.8 మీటర్లే. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఆ తేడా కోసం టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి, లేదా కడ్డీ మెలిపడాలి. 1820లలో ఫ్రాన్సులో ఓనెసిఫోర్ పెకర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం ఈ చిక్కు విప్పాడు. ఇంజను నుంచి వచ్చిన బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూనే, ఏది ఎంత తిరగాలో దానికే వదిలే గేర్ల అమరిక అతను చేసినది. గడియారం విప్పిన చేతులకే ఆ ఊహ రావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి, ఎందుకంటే ఈ గేర్లు సరిచూసి బిగించే పని ఇవాళ్టికీ గడియారం పనే. చూడటానికి మాత్రం గునపాలూ సుత్తులూ పట్టే పనిలా ఉంటుంది.

లోపల మన పనికి సంబంధించినంతవరకు ప్రధానమైనవి రెండు గేర్లు. పొడవాటి షాఫ్టు చివర ఉండేది పినియన్, చిన్నది. దానితో తిరిగే పెద్ద పళ్లెం లాంటిది క్రౌన్. మా బండి పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్‌కు 41. పినియన్ నాలుగు చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. పినియన్ సరిగ్గా క్రౌన్ నడుమకు ఎదురుగా ఉండదు, కాస్త కిందికి దిగి ఉంటుంది. పళ్లు మెలి తిరిగి ఉంటాయి. అందువల్ల బలం ఎక్కువ మోస్తాయి, షాఫ్టు కిందికి దిగడంతో బండి నేల కూడా పల్లంగా వస్తుంది. బదులుగా పన్ను పన్ను మీద దొర్లడమే కాదు, గట్టిగా జారుతుంది కూడా. ఆ ఒరిపిడికి మామూలు నూనె నిలవదు. గంధకం కలిసిన మందులతో చేసిన ప్రత్యేకమైన గేర్ ఆయిలే కావాలి. మేస్త్రిలు 90 నంబరు అంటారు, డబ్బా మీద జీఎల్-5 అని ఉంటుంది. మూత తీయగానే ఘాటుగా కొట్టే వాసన ఆ గంధకానిదే. ఇదే నూనెను జీఎల్-4 అడిగే గేర్‌బాక్సులో పోయకండి, లోపలి ఇత్తడి రింగులకు పడదు.

మా బండి గేర్లు అరగడానికి కారణం దొరికింది. అంతకు ఏడాది ముందు పినియన్ దగ్గర ఆయిల్ సీలు కారుతుంటే దారిలో ఒక షెడ్డులో మార్పించాను. సీలు మార్చడం చిన్న పని. కానీ దాన్ని తీయాలంటే పినియన్ నట్టు విప్పాలి. ఆ నట్టు వట్టి నట్టు కాదు. దాని బిగువే పినియన్ బేరింగుల బిగువు. ఎంత బిగువు ఉందో విప్పేముందు కొలిచి, మళ్లీ అంతే రావాలి. ఆ కుర్రవాడు గాలి గన్నుతో బిగించేశాడు. బేరింగు వేడెక్కింది, కమిలింది, వదులైంది. పినియన్ ముందుకూ వెనక్కూ ఆడింది. ఆ కాస్త ఆటకు 41 పళ్లూ బలైపోయాయి. అతన్ని తప్పుపట్టను, అతనికి ఎవరూ చెప్పి ఉండరు. పక్కనే నిలబడి చూసిన నాకూ అప్పటికి తెలియదు. తెలియాలని అప్పుడే పట్టుదల వచ్చింది. ఈసారి ఇంట్లోనే చేద్దామనుకున్నాను. మా ఊళ్లో నలభై ఏళ్లుగా లారీ హౌసింగులు విప్పుతున్న మేస్త్రిగారు ఒకాయన రోజూ సాయంత్రం వచ్చి చూసి చెబుతానన్నారు.

ఇక పని. మొదటి మాట ప్రాణం గురించి. వెనక చక్రాలు పైకి లేపాక హ్యాండ్‌బ్రేక్ ఉంది కదా అనుకోకండి. అది పట్టేది వెనక చక్రాలనే, అవి గాలిలో ఉన్నాయి, డ్రమ్ములు కూడా తీసేస్తాం. గేరులో పెట్టాం కదా అనుకోకండి. పొడవాటి షాఫ్టు విప్పిన క్షణం గేరుకూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. ముందు చక్రాలకు రెండువైపులా గట్టి చెక్కలు పెట్టండి. జాకీ ఎత్తడానికే, ఆపడానికి కాదు. కింద ఉక్కు స్టాండ్లు పెట్టాక, బండిని భుజంతో తోసి కదలదని చూశాకే కిందికి దూరండి. ఇటుకలు పేర్చి దూరకండి, ఇటుక ముందు చెప్పి పగలదు.

నూనె దించితే అడుగున ఉండే అయస్కాంతపు బిరడాకు బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. పొలుసులూ ముక్కలూ తగిలితే లోపల పన్నో బేరింగో పోయినట్టే. మా దాంట్లో గోరంత పొలుసులు ఐదారు వచ్చాయి.

మాది వెనకవైపు మూత ఉండే రకం. మన రోడ్ల మీద తిరిగే పాత బళ్లలో రెండు రకాలూ ఉన్నాయి. కొన్నింటికి ముందునుంచి మొత్తం గుండె ఊడి చేతికి వస్తుంది, బల్ల మీద పెట్టుకుని చేసుకోవచ్చు. మూత రకమైతే బండి కిందే కూర్చోవాలి. మూత తీయగానే విప్పడం మొదలుపెట్టబోయాను. మేస్త్రిగారు చెయ్యి పట్టుకున్నారు. "ఆగండి బాబూ, ముందు పాతది ఎలా ఉందో రాసుకోండి. రేపు కొత్తది బిగించాక దేంతో పోల్చుకుంటారు?" అన్నారు. డయల్ గేజీ పెట్టి పళ్ల మధ్య ఖాళీ కొలిచాం. పినియన్‌ను కదలకుండా పట్టి క్రౌన్‌ను అటూ ఇటూ కదిపితే ముల్లు ఎంత తిరిగిందో ఆ ఖాళీ అంత. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. ఇలాంటి ఇరుసుల్లో మామూలుగా 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల దాకా ఉండాలి, మీ బండికి ఎంతో దాని సర్వీసు పుస్తకం చెబుతుంది. మా దాంట్లో 0.45 ఉంది. తల వెంట్రుక మందం సుమారు 0.07 ఉంటుందనుకుంటే, ఉండాల్సిన ఖాళీ రెండు మూడు వెంట్రుకలంత. మాది ఆరు వెంట్రుకలు దాటింది.

యాక్సిళ్లు రెండూ బయటికి లాగాం. క్రౌన్‌ను బిగించిన లోపలి గుండును పట్టి ఉంచే బేరింగులకు రెండువైపులా రెండు ఉక్కు కప్పులుంటాయి. విప్పేముందు ఎడమదానికి పంచితో ఒక చుక్క, కుడిదానికి రెండు చుక్కలు పెట్టాలి, ఏది పైవైపో కూడా గుర్తుండాలి. ఫ్యాక్టరీలో ఆ కప్పులు బిగించాకే వాటికి రంధ్రం తొలుస్తారు. ఎడమది కుడికి పెడితే ఇక జన్మలో గుండ్రంగా కూర్చోదు. గుండు పక్కన ఉండే పలచటి ఉక్కు రేకులను, షిమ్ములను, ఏ వైపువి ఆ వైపు వేరే సంచుల్లో పెట్టి మందం కొలిచి రాసుకున్నాం.

సామాను కొనడం గురించి ఒక్క మాట. క్రౌన్, పినియన్ జతగానే కొనాలి. ఫ్యాక్టరీలో ఆ రెండింటినీ కలిపి తిప్పి ఒకదానికొకటి ఒరిపిడి పట్టిస్తారు. అందుకే రెండింటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాదు రాణీగంజ్‌లోనైనా, పెట్టె మీది పేరు చూసి సరిపెట్టుకోకుండా ఆ నంబర్లు కలిశాయో లేదో పెట్టె విప్పి చూడండి. పళ్లు లెక్కపెట్టండి. ఒకే పేరున్న బండికే ఏడాది మారితే పళ్ల లెక్క మారుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండైతే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే లెక్కలో ఉండి తీరాలి. లేకపోతే ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా లాగి మధ్యలో ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు ముక్కలవుతుంది. బేరింగులన్నీ, సీళ్లు, క్రౌన్ బోల్టులు కొత్తవే వేయాలి. పాత బేరింగుతో కొత్త గేరు వేయడమంటే చేసిన పని మళ్లీ చేయడానికి ఒప్పుకోవడమే.

పినియన్ మీద బేరింగు బిగుతుగా కూర్చోవాలి. కొలతలన్నీ తేలాక, కొత్త బేరింగు ఎక్కించే రోజు ముందు రాత్రి పినియన్‌ను ఫ్రిజ్ పైఅరలో పెట్టాం. మా అమ్మ మారు మాట్లాడకుండా పాలగిన్నె జరిపి చోటిచ్చింది. పొద్దున బేరింగును నూనెలో కాచి, సుమారు నూరు డిగ్రీల వేడి మీద వేస్తే ఒక్క దెబ్బ లేకుండా జారి కూర్చుంది. సుత్తితో కొట్టి ఎక్కించిన బేరింగు మొదటి రోజే గాయపడుతుంది. పాత బేరింగు ఊడదీయడం మాత్రం ఇంట్లో కాదు, లేత్ షాపులో ప్రెస్ మీద చేయించాం.

అసలు పని దానికి ముందే, కొలతలు తేల్చడంలో ఉంది. మూడు సాయంత్రాలు పట్టింది. పినియన్ క్రౌన్‌కు ఎంత దగ్గరగా ఉండాలన్నది బేరింగు కింద వేసే షిమ్ము మందం తేలుస్తుంది. పాత షిమ్ముతో మొదలుపెట్టాం. సరిపోయిందో లేదో తెలుసుకునే దారి పళ్లకు రంగు పూయడం. ప్రష్యన్ బ్లూ నాలుగైదు పళ్లకు పలచగా పూసి, క్రౌన్‌కు చెక్క అడ్డుపెట్టి కాస్త బరువు కల్పించి, రెండువైపులా తిప్పాలి. పళ్లు తాకిన చోట రంగు చెరిగి ముద్ర పడుతుంది. ముద్ర పన్ను ఎత్తులో మధ్యన పడితే సరే. పన్ను మొదట్లో, అడుగున పడితే పినియన్ మరీ లోపలికి వచ్చింది, షిమ్ము పలచన చేయాలి. కొనమీద పడితే పినియన్ దూరమైంది, షిమ్ము మందం పెంచాలి. పన్ను పొడవులో బయటి అంచు వైపు జరిగితే క్రౌన్ దూరంగా ఉంది, లోపలి అంచు వైపు జరిగితే మరీ దగ్గరగా ఉంది.

మొదటి ముద్ర నా కంటికి మధ్యలోనే కనిపించింది. మేస్త్రిగారు కళ్లద్దాలు సర్దుకుని టార్చి వేశారు. "అడుగున తగులుతుందండీ. ఇదిగో, ఈ గీత చూడండి, ఇక్కడ రంగు పూర్తిగా లేదు" అన్నారు. "మళ్లీ విప్పాలా మేస్త్రిగారూ?" అన్నాను. "విప్పాలి బాబూ" అన్నారు. నాలుగుసార్లు విప్పాం. ప్రతిసారీ బేరింగును ప్రెస్ మీద ఊడదీస్తే అది చచ్చిపోతుంది. అందుకని పాత బేరింగు రంధ్రాన్ని లేత్ మీద రవ్వంత పెద్దది చేయించి ఉంచారు. అది చేత్తోనే ఎక్కుతుంది, చేత్తోనే దిగుతుంది. దానితో కొలతలన్నీ తేల్చుకున్నాకే కొత్త బేరింగు చివరిసారిగా ఎక్కించాలి. ఈ ఒక్క ఉపాయం తెలియకే ఇంట్లో ఈ పని మొదలుపెట్టినవాళ్లు మధ్యలో వదిలేస్తారని నా నమ్మకం.

షిమ్ము 0.10 తగ్గించాక ముద్ర మధ్యకు వచ్చింది. అప్పుడు క్రౌన్ పక్క షిమ్ముల్లో ఒకవైపు తీసింది రెండోవైపు కలుపుతూ, మొత్తం మారకుండా, ఖాళీ సర్దాం. క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల కొలిచాం. మూడు చోట్ల 0.16 ఉంది, నాలుగో చోట 0.24. క్రౌన్ వంకరగా కూర్చుందన్నమాట. విప్పి చూస్తే క్రౌన్‌కూ గుండుకూ మధ్య కంటికి ఆనని ఉక్కు రజను ఉంది. తుడిచి బిగించాక నాలుగు చోట్లా 0.16, 0.17.

చివరిది ఆ నట్టు, మా కథంతా మొదలైన నట్టు. దాని కింద నలిగే గొట్టం ఒకటి ఉంటుంది, స్పేసరంటారు. నట్టు బిగిస్తుంటే అది కొద్దికొద్దిగా నలుగుతూ బేరింగులకు బిగువు ఇస్తుంది. ఎక్కువ నలిగిందా, నట్టు వెనక్కి తిప్పితే లాభం లేదు. నలిగినది మళ్లీ సాగదు. కొత్త గొట్టం వేసి మొదటికి రావాలి. అందుకే కొలతలు చూసేటప్పుడు గొట్టం వేయం, ఆఖరున వేస్తాం. బిగువు కొలవడానికి ప్రత్యేకమైన రెంచీ ఉంటుంది. మా దగ్గర లేదు. కొక్కెం ఉండే స్ప్రింగు త్రాసు ఒకటి తెచ్చాం. పినియన్ ఫ్లాంజికి నులకతాడు నాలుగు చుట్లు చుట్టి, త్రాసుతో నిదానంగా లాగాం. తాడు చుట్టిన చోట నడుమ నుంచి అంచుకు ఐదు సెంటీమీటర్లుంటే, ముల్లు ఐదు కిలోల దగ్గర ఉండగా పినియన్ సమంగా తిరిగితే, ఆ బిగువు సుమారు రెండున్నర న్యూటన్ మీటర్లు. కొత్త బేరింగులకు చాలా బళ్లలో అడిగేది ఆ చుట్టుపక్కలే. ఇది క్రౌన్ బిగించకముందే, పినియన్ ఒక్కటే ఉండగా కొలవాలి. పొడవాటి పైపు తగిలించిన పానాతో నట్టు నాలుగైదు డిగ్రీలు తిప్పడం, త్రాసుతో లాగి చూడటం, మళ్లీ నాలుగైదు డిగ్రీలు. మొదట ఎంతసేపూ ముల్లు కదలదు, గొట్టం నలగడం మొదలయ్యాక గబగబా పెరుగుతుంది. నాలుగున్నర కిలోల దగ్గర మేస్త్రిగారు "చాలు" అన్నారు. సీలు మార్చిన రోజు ఆ షెడ్డులో ఈ త్రాసు ఉండి ఉంటే మాకు ఈ పనే వచ్చేది కాదు.

క్రౌన్ గుండు మళ్లీ ఎక్కించి, ఖాళీ మరోసారి కొలిచి, నీలి ముద్ర ఆఖరుసారి చూసుకుని మూత వేశాం. నూనెను పక్కనున్న రంధ్రం అంచుదాకా, బయటికి చెమర్చేవరకు పోశాం. తరవాత కొత్త గేర్లను ఒరిపిడి పట్టించాలి. మొదట పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, ఇరుసు చల్లారేదాకా ఆపాలి. అలా మూడు నాలుగుసార్లు చేయాలి. మొదటి 800 కిలోమీటర్లు బరువు వేయకూడదు, ఆ తరవాత నూనె మొత్తం మార్చాలి. మార్చినప్పుడు వచ్చిన నూనెలో సన్నటి మెరుపు ఉంది, పొలుసుల్లేవు.

ఈ పని అందరూ ఇంట్లో చేయాలని నేను చెప్పను. డయల్ గేజీ లేకపోతే, మూడు నాలుగు రోజులు బండి లేకుండా గడవకపోతే, చేయి తిరిగిన మేస్త్రి దగ్గరికే వెళ్లండి. వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఖాళీ ఎంత పెట్టారు? ముద్ర ఎక్కడ పడింది? మూత వేసేముందు ఆ నీలి ముద్ర నాకు చూపించండి అని అడగండి. పని తెలిసిన మేస్త్రి దానికి కోపగించుకోడు, సంతోషిస్తాడు. మా మేస్త్రిగారు నలభై ఏళ్లలో తనను అలా అడిగింది ముగ్గురో నలుగురో అన్నారు.

ఇంకొక్క విషయం. మన ఊళ్లలో ఇప్పటికీ పాత సుమోలు, బొలెరోలు, క్వాలిస్‌లు ఎన్నో నడుస్తున్నాయి. అన్నింటికీ వెనక ఇలాంటి ఇరుసే. వానాకాలం వాగులు దాటుతాం. పరుగు మీద వేడెక్కిన ఇరుసు ఒక్కసారి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఇరుసు పైన గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది, బ్రీదరంటారు. అది బురదతో పూడిపోయి ఉంటే ఆ ముడుచుకున్న గాలి సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. నూనె పాలు కలిపిన కాఫీ రంగుకు మారుతుంది. వేడెక్కినప్పుడు అదే పూడిన గొట్టం నూనెను సీళ్ల గుండా బయటికి నెడుతుంది. గేర్లు అరిగే కథలు కొన్ని అక్కడే మొదలవుతాయి. వచ్చే ఆదివారం ఓ పావుగంట చూసుకోండి. బండిని సమమైన నేల మీద నిలపండి. బ్రీదరు తుడిచి, నోటితో ఊది గాలి పోతోందో లేదో చూడండి. ఇరుసు పక్కనున్న బిరడా విప్పి చిటికెన వేలు లోపలికి పెట్టండి. వేలి కొనకు నూనె తగలాలి. తగలకపోతే ఆ సాయంత్రమే పోయించండి.